ఆసుపత్రి రికార్డులకు ఏ బ్యాకప్? నల్లగొండ, పాలమూరు ఆసుపత్రుల కోసం ఒక పోలిక

"అన్నా, ఫైళ్ల పేర్లన్నీ మారిపోయినయ్. ఏది నొక్కినా తెరుచుకుంటలేదు. స్క్రీన్ మీద ఇంగ్లీషులో ఏదో ఉత్తరం వచ్చింది."

ఒక సోమవారం పొద్దున ఓపీ మొదలుకాక ముందే వచ్చిన ఫోన్ ఇది. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఒక పట్టణం, ముప్పై పడకల ఆసుపత్రి. నేను వెళ్లేసరికి వరండా నిండా జనం, కౌంటర్లో చేతిరాత చీటీలు నడుస్తున్నాయి. బ్యాకప్ ఉందా అని అడిగాను. ఉందని కౌంటర్ అమ్మాయి ధైర్యంగా చూపించింది. సీపీయూ పక్కనే ఒక హార్డ్ డిస్క్, పదకొండు నెలలుగా ఊడదీయకుండా యూఎస్‌బీ తీగకు తగిలే ఉంది. తెరిచి చూస్తే దాంట్లోని ఫైళ్లు కూడా లాకైపోయి ఉన్నాయి.

వాళ్లు నిర్లక్ష్యం చేసిన మనుషులు కారు. డబ్బు పెట్టి డిస్క్ కొన్నారు, రోజూ రాత్రి కాపీ అయ్యేలా పెట్టించుకున్నారు. కాకపోతే ఇంటికి తాళం వేసి చెవిని ఆ తలుపుకే వేలాడదీసినట్టయింది. నాలుగేళ్ల రికార్డులు పోయాయి. వారం తర్వాత, పుణెకు కూలి పనికి పోయిన ఒకాయన ఫోన్ చేసి వాళ్ల నాయన ఆపరేషన్ కాగితాలు వాట్సాప్‌లో పంపమన్నాడు. పాత కాగితాలు చూడందే మందు మార్చనని అక్కడి డాక్టర్ అన్నాడట. లేవని చెప్పాల్సి వచ్చింది. వలస ఎక్కువున్న మన జిల్లాల్లో ఆసుపత్రి రికార్డు ముంబై, పుణె, బెంగళూరు దాకా మనిషి వెంట వెళ్లాల్సిన వస్తువు. ఆ ఫోన్ నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

అప్పటి నుంచి ఎక్కడికి వెళ్లినా ఇవే ప్రశ్నలు ఎదురవుతున్నాయి. హార్డ్ డిస్క్ చాలదా? గూగుల్ డ్రైవ్ ఉంది కదా? నాస్ పెట్టె, అంటే నెట్‌వర్క్‌కు తగిలించే డిస్కుల పెట్టె, కొనాలా? క్లౌడ్ తీసుకోవాలా? సాఫ్ట్‌వేర్ వాళ్లే చూసుకుంటామంటున్నారు, సరిపోతుందా? ఒక్క డాక్టర్ క్లినిక్‌కూ మెడికల్ కాలేజీ ఆసుపత్రికీ ఒకే జవాబు ఉండదు. అందుకని ముందు దేన్ని బట్టి కొలవాలో చూసి, ఆ తర్వాత ఒక్కోదాని సంగతి చూద్దాం.

## దేన్ని బట్టి కొలవాలి

ఆ ఆసుపత్రిని దెబ్బతీసిన వైరస్ రకాన్ని ర్యాన్సమ్‌వేర్ అంటారు. అది చేసే పని చెప్పడానికి తేలిక. మెయిల్‌లో వచ్చిన ఫైలు ద్వారానో, దొంగ సాఫ్ట్‌వేర్ ద్వారానో, బయటి నుంచి కంప్యూటర్‌ని నడిపించుకోవడానికి తెరిచి ఉంచిన రిమోట్ దారిలోనో లోపలికి వస్తుంది. ఆ కంప్యూటర్‌కు ఏయే ఫోల్డర్లు, డిస్కులు, పక్క కంప్యూటర్లు కనిపిస్తాయో చూసుకుంటుంది. విండోస్ తనంతట తాను దాచుకునే పాత కాపీలను చెరిపేస్తుంది. ఆ తర్వాత అన్నీ లాక్ చేసి డబ్బు అడుగుతుంది.

చెయ్యి అందుతుందా. అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇదే. మీ కంప్యూటర్ నుంచి మీరు తెరవగలిగే, రాయగలిగే, చెరపగలిగే కాపీ ఏదైనా వైరస్ కూడా తెరవగలదు, చెరపగలదు. 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ మీద దాడి జరిగినప్పుడు ఐదు సర్వర్లలో దాదాపు 1.3 టీబీ (ఒక టీబీ అంటే దాదాపు వెయ్యి జీబీ) డేటా లాకైంది. దేశంలోనే పేరున్న ఆ ఆసుపత్రిలో దాదాపు రెండు వారాలు చేతిరాతతో పని నడిచింది. అయినా ఈ-హాస్పిటల్ అనే వాళ్ల ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌లోని డేటా తిరిగొచ్చింది. దాడి తాకని ఒక బ్యాకప్ సర్వర్ మిగలడమే అందుకు కారణం.

ఎంత వెనక్కి వెళ్లగలం. చాలామంది పట్టించుకోనిది ఇది. ఐర్లండ్ ప్రభుత్వ ఆరోగ్య సేవ మీద 2021 మే 14న దాడి బయటపడింది. కానీ దొంగలు లోపలికి వచ్చింది మార్చి 18న, ఒక ఉద్యోగి మెయిల్‌లో వచ్చిన ఎక్సెల్ ఫైల్ తెరిచినప్పుడు. మధ్యలో 57 రోజులు వాళ్లు చప్పుడు చేయకుండా లోపలే తిరిగారు. మీ బ్యాకప్ నిన్నటి కాపీ మీద ఇవాళ్టి కాపీ రాసుకుంటూ పోయేదైతే, దొంగ ఇంట్లో ఉండగా తీసిన కాపీలే మీ దగ్గర మిగులుతాయి. వారానిది, నెలది, మూడు నెలల కిందటిది వేరువేరుగా ఉండాలి.

ఎన్ని గంటల్లో మళ్లీ నిలబడతాం. డేటా ఉండటం ఒక ఎత్తు, దాన్ని వెనక్కి తెచ్చి పని మొదలుపెట్టడం ఇంకో ఎత్తు. ఐర్లండ్‌లో దొంగల ముఠాయే మే 20న తాళంచెవిని ఉచితంగా ఇచ్చేసింది. అయినా వ్యవస్థలన్నీ తిరిగి నిలబడటానికి సెప్టెంబర్ దాకా పట్టింది. డబ్బు కట్టేస్తే మరునాటికి అంతా మామూలైపోతుందని అనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఎంత పని పోయినా తట్టుకోగలం. బ్యాకప్ వారానికోసారి అయితే వారం ఓపీ పోతుంది. చిన్న క్లినిక్‌కు చీటీలు చూసి మళ్లీ ఎక్కించుకునే వీలుంటుంది. రోజుకు వందల శాంపిళ్లు చూసే ల్యాబ్‌కు ఒక్క పూట పోయినా కష్టమే.

ఊరు, కరెంటు, నెట్. మన దగ్గర ఈదురుగాలి, పిడుగులు వస్తే వోల్టేజ్ ఎగిరి డిస్కులు కాలిపోవడం చూస్తూనే ఉంటాం. 2009 అక్టోబర్ మొదట్లో కృష్ణ, తుంగభద్ర పొంగి అలంపూర్, రాజోలి మునిగిన సంగతి ఆ వైపు ఎవరిని అడిగినా చెబుతారు. కాపీలన్నీ ఒకే భవనంలో ఉంటే వైరస్ రాకపోయినా పోవచ్చు. ఇక నల్లమల అంచున అమ్రాబాద్, మన్ననూరు వైపు నెట్ సంగతి తెలిసిందే. అక్కడ క్లౌడ్ ఒక్కదాని మీద ఆధారపడమని చెప్పడం న్యాయం కాదు.

ఎవరు చేయాలి, ఎవరి కంట పడుతుంది. రోజూ ఒక మనిషి గుర్తుపెట్టుకుని చేయాల్సిన బ్యాకప్ ఆ మనిషి సెలవు పెట్టిన వారం ఆగిపోతుంది. ఇంకోటి, కాపీ అంటే రోగి గుట్టు. లాక్ లేని హార్డ్ డిస్క్ బస్సులో మర్చిపోతే వేలమంది జబ్బుల వివరాలు బజార్లో పడ్డట్టే. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో డేటాకు తగిన భద్రత పెట్టనివారికి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా రాసి ఉంది.

ఖర్చును చివర చెప్పడానికి కారణం ఉంది. ఖర్చుతో మొదలుపెడితే అందరూ తగిలించి ఉంచిన ఒక్క హార్డ్ డిస్క్ దగ్గరే ఆగిపోతున్నారు.

| దారి | వైరస్ చెయ్యి అందుతుందా | ఎంత వెనక్కి | తిరిగి తేవడం | ఖర్చు |
|---|---|---|---|---|
| ఎప్పుడూ తగిలే ఉండే డిస్క్ | అందుతుంది | చాలాసార్లు నిన్నటికే | వేగం, మిగిలితే | తక్కువ |
| మార్చి మార్చి వాడే, ఊడదీసే డిస్కులు | ఊడదీశాక అందదు | డిస్కుల సంఖ్యను బట్టి | గంటల్లో | తక్కువ |
| నాస్ పెట్టె | పెట్టే తీరును బట్టి | స్నాప్‌షాట్లు (ఆ క్షణానికి ఉన్నదున్నట్టు దాచే కాపీలు) పెడితే నెలలు | అన్నిటికంటే వేగం | మధ్యస్థం |
| గూగుల్ డ్రైవ్ లాంటి సింక్ | అందుతుంది | సాధారణంగా 30 రోజులు | నెట్‌ను బట్టి, చిరాకు | తక్కువ |
| చెరపలేని క్లౌడ్ బ్యాకప్ | సరిగ్గా పెడితే అందదు | మీరు పెట్టుకున్నంత | నెట్‌ను బట్టి గంటలు, రోజులు | నెలనెలా |
| సాఫ్ట్‌వేర్ కంపెనీ సర్వర్ | వాళ్ల పనితనాన్ని బట్టి | ఒప్పందాన్ని బట్టి | వాళ్ల చేతిలో | చందాలో కలిసే ఉంటుంది |
| టేప్ (డేటా దాచే క్యాసెట్లు) | బయట పెడితే అందదు | ఏళ్లు | నెమ్మది | మొదట లక్షల్లో |

## ఊడదీసే హార్డ్ డిస్కులు

ఒక్కటే దారి ఎంచుకోమంటే చిన్న ఆసుపత్రికి నేను దీన్నే చెబుతాను. ఒక్క డిస్క్ కాదు, కనీసం మూడు. వాటి మీద పెద్ద అక్షరాలతో ఒకటి, రెండు, మూడు అని రాయండి. ఇవాళ ఒకటోది తగిలించి, కాపీ అయ్యాక ఊడదీసి బీరువాలో పెట్టాలి. తర్వాతిసారి రెండోది. మూడోది నెలకోసారి కాపీ చేసి డాక్టర్ గారి ఇంట్లోనో, ఇంకో ఊళ్లోని బ్యాంకు లాకర్లోనో ఉంచాలి. ఒక్కో డిస్క్‌కు అయ్యేది కొన్ని వేల రూపాయలు. ఊడదీసి పెట్టిన డిస్క్‌కు వైరస్ ముట్టదు, పిడుగూ ముట్టదు.

మామూలు యూఎస్‌బీ డిస్క్ నుంచి ఒక టీబీ వెనక్కి తేవడానికి మూడు గంటల చొప్పున పడుతుంది. నెట్‌తో పని లేదు. దాడి జరిగిన రోజు ఈ తేడా విలువ తెలుస్తుంది.

దీని బలహీనత మనిషి. ఊడదీయడం మర్చిపోతే నేను మొదట చెప్పిన ఆసుపత్రి గతే పడుతుంది. అందుకే ఇద్దరికి అప్పగించి, గోడ క్యాలెండర్ మీద సంతకం పెట్టించే పద్ధతి పెట్టండి. ఒక చిన్న జాగ్రత్త కూడా ఉంది. ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ నడుస్తుండగా దాని డేటాబేస్ ఫైల్‌ని కాపీ, పేస్ట్ చేస్తే ఆ కాపీ తర్వాత తెరుచుకోకపోవచ్చు. సాఫ్ట్‌వేర్‌లోనే ఉండే బ్యాకప్ బటన్ నొక్కి, అది తయారుచేసిన ఫైల్‌ని డిస్క్‌లోకి తీసుకోవాలి. చాలాచోట్ల ఏళ్ల తరబడి పనికిరాని కాపీలు తీస్తూ వచ్చినవాళ్లను చూశాను.

డిస్క్‌కు పాస్‌వర్డ్ లాక్ తప్పకుండా పెట్టండి. విండోస్ ప్రో ఉంటే డిస్క్‌ను లాక్ చేసే బిట్‌లాకర్ దాంతోనే వస్తుంది. పాస్‌వర్డ్ మర్చిపోతే డిస్క్ తెరవడానికి అది ఇచ్చే రికవరీ కీని ఆ కంప్యూటర్లోనే దాచుకోవద్దు. కాగితం మీద రాసి డిస్క్ లేని ఇంకో చోట పెట్టండి. కీ పోతే మీ డేటాను మీరే లాక్ చేసుకున్నట్టు.

## నాస్ పెట్టె

రెండు మూడు డిస్కులు లోపల ఉండి, ల్యాన్ తీగతో నెట్‌వర్క్‌కు తగిలే పెట్టె ఇది. డిస్కులతో కలిపి పదుల వేలవుతుంది. ఒక డిస్క్ చెడిపోయినా రెండో దాంట్లో డేటా ఉంటుంది, బ్యాకప్ తనంతట తాను నడుస్తుంది, గంటకోసారి స్నాప్‌షాట్ తీసేలా పెట్టుకోవచ్చు. స్కాన్‌లు, ఎక్స్‌రేలు ఎక్కువగా ఉన్న డయాగ్నొస్టిక్ సెంటర్‌కు ఇంత వేగం ఇంకో దాంట్లో రాదు.

అయితే రెండు డిస్కులు ఉన్నాయి కాబట్టి బ్యాకప్ ఉన్నట్టే అని అమ్మేవాళ్లు చెబితే నమ్మకండి. రెండు డిస్కులు ఒకదాన్ని చూసి ఒకటి రాసుకుంటాయి. ఒకదాంట్లో ఫైల్ లాకైతే అదే క్షణం రెండోదాంట్లోనూ లాకవుతుంది. అది డిస్క్ చెడిపోవడం నుంచి కాపాడుతుంది, దొంగ నుంచి కాపాడదు.

నాస్ పెడితే నాలుగు సంగతులు చూసుకోవాలి. కంప్యూటర్లో అది జెడ్ డ్రైవ్ లాగా ఎప్పుడూ కనిపిస్తూ ఉండకూడదు. దాని అడ్మిన్ పాస్‌వర్డ్ వేరేది ఉండాలి, విండోస్‌లో సేవ్ చేసి ఉంచకూడదు. వీలైతే కంప్యూటర్ నాస్‌లోకి రాయడానికి బదులు, నాసే కంప్యూటర్ దగ్గరికి వచ్చి కాపీ లాక్కునేలా పెట్టించండి. అప్పుడు కంప్యూటర్లో చొరబడ్డవాడికి నాస్ తలుపు తెరిచి ఉండదు. నాలుగోది, ఇంటి నుంచి చూసుకోవాలని దాన్ని నేరుగా ఇంటర్నెట్‌కు తెరవకూడదు. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే ర్యాన్సమ్‌వేర్ ప్రత్యేకంగా వీటి మీదికే వచ్చింది. అలా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన క్యూనాప్ కంపెనీ నాస్ పెట్టెలను వెతికి లాక్ చేసింది.

ఇంత జాగ్రత్తగా పెట్టినా నాస్ కరెంటు, ల్యాన్ తీగలకు తగిలే ఉంటుంది. కాబట్టి దానితో పాటు కనీసం నెలకోసారైనా ఊడదీసే డిస్క్ ఒకటి ఉండాల్సిందే.

## గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్

వీటిని బ్యాకప్ అనకూడదు. కంప్యూటర్లో ఉన్నది పైన కనిపించేలా చేయడమే వీటి పని. కింద ఫైల్ లాకైతే లాకైన ఫైలే పైకి వెళ్తుంది. గూగుల్ డ్రైవ్ పాత వెర్షన్లను మామూలుగా 30 రోజులు ఉంచుతుంది, కాబట్టి వెంటనే చూసుకుంటే కొన్ని దక్కవచ్చు. అయితే 57 రోజులు లోపల తిరిగిన దొంగ సంగతి పైన చూశాం కదా. అసలు ఖాతా పాస్‌వర్డే వాడి చేతికి చిక్కితే వెర్షన్లు కూడా మిగలవు. ఆసుపత్రి పేరుతో కాకుండా ఎవరో ఉద్యోగి సొంత జీమెయిల్‌లో రోగుల రికార్డులు ఉండటం ఇంకా ప్రమాదం. ఆయన ఉద్యోగం మానేస్తే డేటా కూడా ఆయనతో వెళ్లిపోతుంది.

## చెరపలేని క్లౌడ్ బ్యాకప్

పెద్ద క్లౌడ్ కంపెనీలన్నీ ఇప్పుడు ఒక సదుపాయం ఇస్తున్నాయి. ఒకసారి రాసిన ఫైల్‌ని మీరు పెట్టిన గడువు దాకా ఎవరూ మార్చలేరు, చెరపలేరు. అమెజాన్ క్లౌడ్‌లో దీన్ని ఆబ్జెక్ట్ లాక్ అంటారు. దాంట్లో కంప్లయన్స్ మోడ్ పెడితే ఖాతా యజమాని కూడా గడువు లోపల ఆ ఫైల్‌ని తీసేయలేడు. యజమాని పాస్‌వర్డ్ దొంగిలించినవాడి పరిస్థితీ అంతే. డేటా దేశం దాటకుండా కూడా పెట్టుకోవచ్చు, అమెజాన్‌కు ముంబైలోనే కాదు, 2022 నవంబర్ నుంచి హైదరాబాద్‌లోనూ డేటా సెంటర్లు ఉన్నాయి. అలంపూర్ మునిగినా, ఆసుపత్రిలో మంటలు వచ్చినా ఆ కాపీకి ఏమీ కాదు.

చిక్కులు మూడున్నాయి. మొదటిది నెట్. ఒక టీబీ డేటా 100 ఎంబీపీఎస్ లైన్ మీద ఎక్కడా ఆగకుండా వచ్చినా 22 గంటలు పడుతుంది. 20 ఎంబీపీఎస్ అయితే నాలుగున్నర రోజులు దాటుతుంది. మొదటిసారి ఎక్కించడానికీ, దాడి జరిగాక దించుకోవడానికీ ఇదే లెక్క. మీ లైన్ అప్‌లోడ్ వేగం ఎంతో విడిగా అడిగి తెలుసుకోండి. రెండోది, తక్కువ ధర చూసి ఆర్కైవ్ రకం స్టోరేజ్ తీసుకుంటే ఫైళ్లు బయటికి రావడానికే గంటలు పడుతుంది. అమెజాన్ డీప్ ఆర్కైవ్‌లో మామూలుగా 12 గంటల దాకా పట్టవచ్చు. దించుకునేటప్పుడు విడిగా చార్జీ కూడా ఉంటుంది. మూడోది, గడువు పొరపాటున పదేళ్లు పెడితే పదేళ్లూ ఆ బిల్లు కట్టాల్సిందే, మీరు కూడా తీసేయలేరు. మొదట 30 రోజులతో మొదలుపెట్టి, అంతా సరిగ్గా నడుస్తోందని చూసుకుని 90 రోజులకు పెంచుకోండి.

దీన్ని ఒకసారి సరిగ్గా పెట్టడానికి తెలిసిన మనిషి కావాలి. పెట్టాక మాత్రం రోజూ గుర్తుపెట్టుకోవాల్సిన పని ఉండదు. ఊడదీసే డిస్క్ బలహీనత ఎక్కడో దీని బలం అక్కడే, దీని బలహీనత అయిన నెట్ దగ్గర డిస్క్ బలం. అందుకే రెండూ కలిస్తే మంచి జోడీ.

## సాఫ్ట్‌వేర్ కంపెనీ చూసుకుంటే

ఇప్పుడు చాలా ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్ బ్రౌజర్లో తెరుచుకుంటుంది, డేటా కంపెనీ సర్వర్లోనే ఉంటుంది. మీ కంప్యూటర్‌కు వైరస్ సోకినా రికార్డులు అక్కడ క్షేమంగా ఉండే అవకాశం ఎక్కువ. ఇది నిజమైన లాభం. కానీ మీ నసీబు ఇప్పుడు ఆ కంపెనీ చేతిలో పడింది. 2024 జూన్ 3న లండన్‌లో దాడి జరిగింది ఆసుపత్రుల మీద కాదు, వాటికి రక్తపరీక్షలు చేసిపెట్టే సిన్నోవిస్ అనే సంస్థ మీద. ఆసుపత్రుల సొంత కంప్యూటర్లు బాగానే ఉన్నా ఆపరేషన్లు ఆగాయి, ఓ గ్రూపు రక్తం కోసం ప్రజలను పిలవాల్సి వచ్చింది.

చందా కట్టే ముందు వాళ్లను ఇవి అడగండి, జవాబులు కాగితం మీద తీసుకోండి. బ్యాకప్ ఎన్ని గంటలకోసారి? ఎన్ని రోజులవి ఉంచుతారు? అసలు సర్వర్ పాస్‌వర్డ్‌తో ఆ బ్యాకప్‌ను చెరపవచ్చా? చివరిసారి బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చి చూసింది ఎప్పుడు? మా డేటా మొత్తం నెలకోసారి మాకు తెరుచుకునే రూపంలో ఇస్తారా? ఈ చివరి ప్రశ్నకు లేదంటే నేనైతే ఆ సాఫ్ట్‌వేర్ తీసుకోను. కంపెనీ మూతపడినా, గొడవ పడి విడిపోయినా మీ రోగుల చరిత్ర మీ దగ్గర ఉండాలి.

సపోర్ట్ కోసం వాళ్లు మీ కంప్యూటర్లో పెట్టే రిమోట్ సాఫ్ట్‌వేర్ విషయంలోనూ గట్టిగా ఉండండి. పని ఉన్నప్పుడు తెరవాలి, అయ్యాక మూయాలి. ఒకే పాస్‌వర్డ్‌తో రాత్రింబవళ్లు తెరిచి ఉంచడం దొంగకు దారి చూపించడమే.

## టేప్

మెడికల్ కాలేజీ ఆసుపత్రుల స్థాయికే ఇది. ఎల్‌టీవో-9 అనే రకం టేప్ క్యాసెట్ ఒక్కదాంట్లో 18 టీబీ పడుతుంది, ఒకసారే రాయగలిగి మళ్లీ చెరపలేని క్యాసెట్లూ దొరుకుతాయి. డ్రైవ్ ధర లక్షల్లో ఉంటుంది, నడిపేవాళ్లు కావాలి. సీటీ, ఎంఆర్‌ఐ బొమ్మలు ఏళ్ల తరబడి దాచే చోట తప్ప మిగతావాళ్లు దీని గురించి ఆలోచించనవసరం లేదు.

## మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

ఒక్క డాక్టర్ క్లినిక్. డేటా కొన్ని జీబీలు దాటదు. ఊడదీసే డిస్కులు రెండు చాలు, వారానికి రెండుసార్లు కాపీ తీయండి. ఒకటి క్లినిక్‌లో, ఒకటి ఇంట్లో. క్లౌడ్ పెట్టుకోగలిగితే మంచిదే, లేకపోయినా ఈ రెండు డిస్కులతో మీరు చాలామంది కంటే ముందుంటారు.

ఇరవై నుంచి యాభై పడకల ఆసుపత్రి. మిర్యాలగూడ, సూర్యాపేట, వనపర్తి, నాగర్‌కర్నూల్ లాంటి పట్టణాల్లో ఎక్కువ ఉండేది వీళ్లే, ఎక్కువ నష్టపోయేదీ వీళ్లే. మందుల స్టాకు, బిల్లింగ్, ల్యాబ్, ఇన్సూరెన్స్ అన్నీ ఒక్క సర్వర్ మీద నడుస్తుంటాయి. ఆరోగ్యశ్రీ కేసుల సంగతి వేరే చెప్పాలి. 2007లో ఆ పథకం మొదట మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. మన ఆసుపత్రులకు ఆ అలవాటు పాతదే. కేస్‌షీట్, ఫొటోలు, డిశ్చార్జ్ సమ్మరీ లేకపోతే చేసిన ఆపరేషన్‌కు కూడా డబ్బు రాదు. కాబట్టి వీళ్లకు రోజూ డేటాబేస్ కాపీ, మూడు డిస్కుల వంతు పద్ధతి, దానికి తోడు చెరపలేని క్లౌడ్. క్లౌడ్‌లోకి డేటాబేస్, స్కాన్ చేసిన కేస్‌షీట్లు మాత్రమే పంపితే బిల్లు తక్కువ, నెట్ మీద భారం కూడా తక్కువ. పెద్ద బొమ్మలు డిస్కుల్లో ఉంచండి.

డయాగ్నొస్టిక్ సెంటర్. ఒక్క సీటీ స్కాన్‌కే వందల ఎంబీ అవుతుంది. వీళ్లకు నాస్ తప్పదు, దానికి తోడు నెలవారీ ఊడదీసే పెద్ద డిస్క్. రిపోర్టుల పీడీఎఫ్‌లు చిన్నవి కాబట్టి అవి రోజూ క్లౌడ్‌కు పోవాలి. బొమ్మ పోతే మళ్లీ తీయవచ్చు కదా అనుకోకండి. ఆరు నెలల కిందటి గడ్డ సైజు ఎంతో తెలియందే ఇవాళ్టి సైజుకు అర్థం లేదు. గర్భిణికి అప్పటి స్కాన్ మళ్లీ తీయలేం.

పీహెచ్‌సీ, సీహెచ్‌సీ (ప్రభుత్వ ప్రాథమిక, సామాజిక ఆరోగ్య కేంద్రాలు). ప్రభుత్వ పోర్టళ్లలో ఎక్కించిన డేటా పై సర్వర్లలో ఉంటుంది, దాని బ్యాకప్ మీ చేతిలో లేదు. మీ చేతిలో ఉన్నది కంప్యూటర్లోని ఎక్సెల్ షీట్లు, స్టాకు లెక్కలు, స్కాన్ చేసిన రిజిస్టర్లు. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరోసిస్ బాధితుల వివరాలు ఏళ్ల తరబడి రాసుకున్న జాబితాలు ఉన్నాయంటే, అవి మళ్లీ తయారయ్యేవి కావు. లాక్ పెట్టిన డిస్కులు రెండు అడిగి తీసుకోండి. సొంత జీమెయిల్‌లోకో, ప్రైవేట్ క్లౌడ్‌లోకో ఎక్కించే ముందు జిల్లా వైద్య ఆరోగ్య శాఖ కార్యాలయం అనుమతి ఉండాలి. పోర్టల్ పాస్‌వర్డ్‌ని మానిటర్ మీద అంటించడం ఇవాళే మానేయండి.

మెడికల్ కాలేజీ, జిల్లా ఆసుపత్రి. ఇక్కడ బ్యాకప్ ఒక్కటే చాలదు, నెట్‌వర్క్‌ను ముక్కలుగా విడదీయాలి. ఎయిమ్స్ దాడికి కారణం నెట్‌వర్క్ సరిగ్గా విడదీసి లేకపోవడమేనని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. ఓపీ కౌంటర్ కంప్యూటర్ నుంచి బ్యాకప్ సర్వర్ కనిపించకూడదు. మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి బయట ఊళ్లో, ఒకటి చెరపలేనిది అన్న లెక్క ఇక్కడ పూర్తిగా పాటించాలి.

## బ్యాకప్ ఏం చేయలేదు

ఇది దాచి చెప్పడం మోసం అవుతుంది. ఇప్పటి ముఠాలు లాక్ చేయడానికి ముందే డేటా కాపీ చేసుకుని, డబ్బు ఇవ్వకపోతే బయటపెడతామంటాయి. బ్యాకప్ మీ పనిని వెనక్కి తెస్తుంది, బయటికి పోయిన గుట్టును వెనక్కి తేలేదు. డబ్బు కట్టినా హామీ లేదు. 2024 ఫిబ్రవరిలో దాడికి గురైన అమెరికాలో ఆసుపత్రుల బిల్లుల లావాదేవీలు చూసే చేంజ్ హెల్త్‌కేర్ సంస్థ తరఫున 2 కోట్ల 20 లక్షల డాలర్లు కట్టాక, ఇంకో ముఠా అదే డేటా తమ దగ్గరుందని మళ్లీ బెదిరించింది. అక్కడ దొంగలు దూరిన రిమోట్ లాగిన్‌కు రెండో దశ కోడ్ పెట్టలేదు. ఓటీపీ లాంటి ఆ రెండో తాళం పెట్టడానికి పైసా ఖర్చు లేదు.

అప్‌డేట్ల సంగతీ అంతే. 2017 మే 12న వన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆసుపత్రులు నడిపే 236 ట్రస్టుల్లో కనీసం 80 ట్రస్టుల పనిని దెబ్బతీసింది. ఆ వైరస్ వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే అప్‌డేట్ ఇచ్చింది. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మీ కౌంటర్లో ఇంకా అదే ఉంటే, బ్యాకప్ కొనే డబ్బుతో పాటు దానికీ కొంత పక్కన పెట్టండి.

## దాడి జరిగిన మొదటి గంట

టెన్షన్‌లో అందరూ చేసే పెద్ద తప్పు, బీరువాలోంచి మంచి డిస్క్ తెచ్చి ఆ పాడైన కంప్యూటర్‌కే తగిలించడం. అది మాత్రం చేయకండి. ముందు ల్యాన్ తీగలు పీకండి, వైఫై ఆపండి. స్క్రీన్ మీది ఉత్తరాన్ని ఫోన్‌తో ఫొటో తీయండి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి. దాడి సంగతి తెలిసిన 6 గంటల్లోపు సెర్ట్-ఇన్‌కు (సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) తెలియజేయాలని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాలు చెబుతున్నాయి. లాకైన ఫైళ్లను వెంటనే చెరిపేయకండి. యూరప్ దేశాల ఉమ్మడి పోలీసు సంస్థ యూరోపోల్, నెదర్లాండ్స్ పోలీసులు మరికొందరితో కలిసి నడిపే నో మోర్ ర్యాన్సమ్ అనే ఉచిత సేవలో కొన్ని రకాల తాళాలకు చెవులు దొరుకుతాయి, ఇవాళ లేనిది ఏడాదికి రావచ్చు. కంప్యూటర్ పూర్తిగా తుడిచి, విండోస్ కొత్తగా ఎక్కించాకే బ్యాకప్ తగిలించాలి.

ఆ రోజు ఓపీ ఆగకూడదు. ఖాళీ ఓపీ చీటీలు, కేస్‌షీట్లు, ల్యాబ్ ఫారాలు, ముఖ్యమైన ఫోన్ నంబర్ల కాగితం ఒక ఫైల్లో పెట్టి కౌంటర్లోనే ఉంచండి.

## తెరిచి చూడని బ్యాకప్

ఏ దారి ఎంచుకున్నా నెలకోసారి ఒక ఆదివారం గంట కేటాయించండి. వాడని పాత కంప్యూటర్ ఒకటి తీసుకుని, దానికి నెట్ తీగ పీకేసి, బ్యాకప్ నుంచి సాఫ్ట్‌వేర్ తెరవండి. ఆరు నెలల కిందటి ఒక రోగి పేరు కొట్టి ల్యాబ్ రిపోర్ట్, డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లు మూడూ వస్తున్నాయా చూడండి. నిన్నటి ఓపీ లెక్క రిజిస్టర్‌తో సరిపోయిందా చూడండి. మొదలుపెట్టినప్పటి నుంచి ఆ రిపోర్ట్ కనిపించేదాకా ఎన్ని నిమిషాలు పట్టిందో, తేదీ, చేసినవారి పేరుతో సహా డిస్క్ మీద చీటీ రాసి అంటించండి. పరీక్ష అయ్యాక ఆ పాత కంప్యూటర్లో రికార్డులు మిగలకుండా తీసేయండి. తర్వాతి నెల ఆ పని ఇంకొకరితో చేయించండి.